గాజుతొట్టిలో పగడాల తోట

సముద్రానికి మన పూర్వులు రత్నాకరమని పేరు పెట్టారు. ఆ రత్నాలలో ముత్యానికి తోడుగా ఎన్నదగినది పగడం. తెలుగులో పగడం, సంస్కృతంలో ప్రవాళం, ఉర్దూలో మూంగా లేక మర్జాన్. ఏ పేరుతో పిలిచినా మన మనస్సుకు మొదట తోచేది ఉంగరంలో పొదిగిన ఎర్రని పూస మాత్రమే. ఆ ఎర్రని పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల, వెలుగు తక్కువైన లోతులలో పెరిగే ఒక ప్రత్యేక జాతి ప్రాణి యొక్క అస్థిపంజరం. వెచ్చని సముద్రాలలో, ఎండ సోకే లోతులో, కోటగోడల వలె పెరిగే ప్రవాళ భిత్తికలను నిర్మించేవి వేరొక కోవకు చెందినవి. ఆ భిత్తికల మీద రాతి ప్రవాళాలతో పాటు మెత్తని దేహం గల వాటి బంధువులు, నత్తలు, రంగురంగుల చేపలు కలసి కాపురముంటాయి.

అట్టి లోకంలోని ఒక చిన్న మూలను మన ఇంటిలో గాజుతొట్టిలో నిలుపుకొనుట సాధ్యమా అని విద్యార్థులు కొందరు అడుగుతూ ఉంటారు. సాధ్యమే. కాని అది మంచినీటి తొట్టిలో చేపలను పెంచుట వంటిది కాదు. ఇందులో మనం పెంచవలసినది ముందుగా చేపను గాని, ప్రవాళాన్ని గాని కాదు, నీటిని. నీరు కుదురుకొంటే ప్రాణులు తమంతట తామే పెరుగుతాయి. నీరు కుదురుకోకముందే ప్రాణులను తెచ్చి వదిలితే అవి మన కళ్లయెదుటనే మరణిస్తాయి. ఈ ఒక్క సూత్రాన్ని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రవాళం అంటే ఏమిటి?

ప్రవాళం చూపులకు మొక్క, తాకితే రాయి, వాస్తవానికి జంతువు. సన్నని గొట్టం వంటి దేహం, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు, ఇంతే దాని స్వరూపం. వేలకొలది ఇట్టి ప్రాణులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఒక సమూహంగా జీవిస్తాయి. రాతి ప్రవాళాలు నీటిలోని కాల్షియంను గ్రహించి సున్నపు గూడు కట్టుకొంటాయి. మెత్తని జాతులు అట్టి గూడు కట్టవు.

భిత్తికలపై జీవించే ప్రవాళాలలో అధిక భాగానికి ఒక విచిత్రమైన స్నేహం ఉన్నది. వాటి దేహకణాలలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. ఆ శైవలాలు వెలుతురు సహాయంతో ఆహారం తయారుచేసి, అందులో సింహభాగాన్ని ఆతిథ్యమిచ్చిన ప్రాణికే అందిస్తాయి. బదులుగా ఆ ప్రాణి విసర్జించే వ్యర్థాలు వాటికి ఎరువవుతాయి. ప్రవాళాల గోధుమ వన్నె చాలావరకు ఈ అతిథులదే. కావున ప్రవాళాన్ని పెంచదలచినవాడు జంతువుకు కావలసిన నీటిని, మొక్కకు కావలసిన వెలుతురును రెండింటినీ సమకూర్చాలి.

ఈ విద్య ఎట్లు వచ్చినది?

గాజుతొట్టిలో జలచరాలను శాస్త్రీయంగా పెంచుటకు పునాది ఇంగ్లండులో పడినది. రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో నీటిమొక్కలు, చేపలు, నత్తలు పరస్పర సహాయంతో ఒకే తొట్టిలో నిలువగలవని ప్రకటించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జలచరాల ప్రదర్శన ప్రారంభమైనది. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథం వలన 'అక్వేరియం' అను మాట ప్రచారంలోకి వచ్చినది. అయినను ప్రవాళాలు మాత్రం చాలాకాలం మనిషి చేతిలో బ్రతుకలేదు. నీటిని ఎంత వడపోసినా అవి క్షీణించిపోయేవి.

దారి చూపినవాడు జకార్తా వాసియైన లీ చిన్ ఎంగ్. ఆయన సముద్రంలోని రాళ్లను వాటిపై నివసించే సూక్ష్మజీవులతో సహా తొట్టిలో ఉంచి, గాలి బుడగలతో నీటిని కదిలిస్తూ ప్రవాళాలను నిలుపగలిగినట్లు 1961లో ఒక అమెరికన్ పత్రికలో వ్రాశాడు. తరువాతి రెండు దశాబ్దాలలో జర్మనీలోని బెర్లిన్ నగరపు అభిరుచిపరులు దానికి బలమైన దీపాలను, మలినాన్ని నురుగు రూపంలో వేరుచేసే స్కిమ్మర్ అను పరికరాన్ని జోడించి ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. నేటి ఇంటి తొట్టెలన్నీ ఆ పద్ధతికి వారసులే. నీటిని నిజంగా శుభ్రపరచేది యంత్రం కాదు, రాతి రంధ్రాలలోని కంటికి కనిపించని జీవులేనని ఆ చరిత్ర తేల్చిన నిజం.

చిన్నదే కష్టమైనది

చిన్న తొట్టి అయితే శ్రమ తక్కువని సామాన్యంగా అందరూ భావిస్తారు. నిజం ఇందుకు విరుద్ధం. సముద్రం అనంతమైనది కనుక అందులో ఏ మార్పు వచ్చినా మెల్లగా వస్తుంది. తొట్టి చిన్నది కనుక అందులో ప్రతి మార్పూ త్వరగా వస్తుంది. సముద్రజీవులు కోట్ల సంవత్సరాలుగా ఆ నిలకడకే అలవాటుపడినవి.

ఒక లెక్క చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆవిరైపోతుంది కాని లవణం ఆవిరి కాదు. 80 లీటర్ల నీటిలో 2 లీటర్లు ఆవిరైతే లవణీయత 35 నుండి సుమారు 36కు చేరుతుంది. ప్రాణులు దానిని ఓర్చుకోగలవు. 20 లీటర్ల నీటిలో అవే 2 లీటర్లు ఆవిరైతే లవణీయత 39కి సమీపిస్తుంది. చిన్న తొట్టి ఉపరితలం తక్కువ కావున ఆ రెండు లీటర్లు పోవుటకు కొన్ని రోజులు అదనంగా పట్టవచ్చు. కాని మనిషి మరచిపోవుటకు అంతకంటె ఎక్కువ వ్యవధి అక్కరలేదు కదా!

కాగా 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గల తొట్టి ప్రారంభకులకు అనువైనది. దాని పూర్తి కొలత 96 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 80 లీటర్లకు తక్కువగానే నీరు పడుతుంది. లెక్క సులభంగా ఉండుటకు 80 అనుకొందాం. గాజు, రాళ్లు కలుపుకొంటే మొత్తం బరువు నూరు కిలోలు దాటుతుంది. కావున పుస్తకాల బీరువా మీద, పలుచని బల్ల మీద దానిని పెట్టరాదు. దృఢమైన స్టాండు చేయించి, మట్టసం సరిచూచి, కిటికీ ఎండ నేరుగా తగలని చోట నిలపాలి. విద్యుత్తు తీగలు తొట్టి నుండి నేరుగా ప్లగ్గుకు పోకుండా మధ్యలో ఒక వంపు క్రిందికి వ్రేలాడేటట్లు అమర్చితే తీగ వెంట జారిన నీరు ఆ వంపు వద్దనే నేలకు రాలిపోతుంది. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది కనుక ఈ జాగ్రత్త మిక్కిలి అవసరం.

నీటి తయారీ

వంటింటి ఉప్పును నీటిలో కలిపితే సముద్రపు నీరు కాదు. లీటరు సముద్ర జలంలోని 35 గ్రాములలో క్లోరైడు 19 గ్రాములకు పైగా, సోడియం 11 గ్రాములకు కొంచెం తక్కువగా ఉంటాయి. మిగిలిన దానిలో సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం, పొటాషియం ఒక్కొక్కటి సుమారు 0.4 గ్రాములు. ఈ స్వల్ప భాగాలు లేనిదే ప్రవాళం బ్రతుకదు. అక్వేరియం దుకాణాలలో ఇవన్నీ తగుపాళ్లలో కలిపిన సముద్ర లవణ మిశ్రమం లభిస్తుంది. ఆ మిశ్రమంలో కొంత తేమ కూడ ఉండుట వలన లీటరుకు సుమారు 37 గ్రాముల చొప్పున, 80 లీటర్లకు 3 కిలోలు కావలసివస్తుంది.

మనకు సముద్రతీరం ఉన్నది కదా, ఆ నీటినే తెచ్చుకొనరాదా అని సందేహం కలుగవచ్చు. గోదావరి, కృష్ణ, మహానది మున్నగు నదులు బంగాళాఖాతంలోకి మంచినీటిని, ఒండ్రును నిరంతరం తెచ్చి కలుపుతూ ఉంటాయి. వానకాలంలో తీరజలాల లవణీయత బాగా పడిపోతుంది. రేవు పట్టణాల దగ్గర నూనె, మురుగు అదనం. మన తీరాన లక్షద్వీపాలలోని వంటి విస్తారమైన ప్రవాళ భిత్తికలు లేకపోవుటకు ఈ మంచినీరు, ఒండ్రు ముఖ్య కారణాలు. ప్రవాళానికి సరిపడని నీటిని ప్రవాళం కొరకు మోసుకొనిరావటంలో అర్థం లేదు.

మిశ్రమాన్ని కలిపే మంచినీరు కూడ పరిశుద్ధమైనదై ఉండాలి. బోరునీటిలో కాఠిన్యం, నైట్రేటు, కుళాయినీటిలో క్లోరిన్. కావున ఆర్.ఓ. యంత్రంలో వడపోసి, వీలైతే మిగిలిన లవణాలను కూడ తొలగించే రెజిన్ గొట్టం గుండా పంపిన నీటిని వాడాలి. త్రాగునీటి యంత్రాలు కొన్ని రుచి కొరకు ఖనిజాలను తిరిగి కలుపుతాయి. అట్టి నీరు పనికిరాదు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో నీరు పోసి, చిన్న పంపు పెట్టి, మిశ్రమాన్ని కొంచెం కొంచెంగా వేస్తూ ఒక రోజు త్రిప్పాలి. రిఫ్రాక్టోమీటరుతో చూచినప్పుడు లవణీయత 35, లేక సాపేక్ష సాంద్రత 1.025 నుండి 1.026 వరకు ఉండాలి. ప్రాణులున్న తొట్టిలో మిశ్రమాన్ని నేరుగా ఎన్నడూ వేయరాదు.

కనిపించని సేవకులు

నీరు, ఇసుక, రాళ్లు అమర్చిన తరువాత అసలు పరీక్ష ప్రారంభమవుతుంది. అది ఓర్పు పరీక్ష. ప్రతి జలచరం అమ్మోనియాను విసర్జిస్తుంది. తినక మిగిలిన ఆహారం కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. అది తీవ్రమైన విషం. పైగా పి.హెచ్. ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషరూపపు పాలు దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి తొట్టి పి.హెచ్. 7 దగ్గర ఉంటే సముద్రజలానిది 8.1 నుండి 8.4 వరకు ఉంటుంది. మంచినీటిలో చేప ఓర్చుకొన్న మలినం ఇక్కడ దానిని చంపుటకు ఇదే హేతువు.

ఈ విషాన్ని హరించేవి బాక్టీరియా. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. మరొక తెగ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. రాతి లోపలి ప్రాణవాయువు చేరని రంధ్రాలలో ఇంకొక తెగ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. ఈ సేవకులు కావలసిన సంఖ్యకు పెరుగుటకు సామాన్యంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలమంతా తొట్టిలో ప్రాణి ఉండరాదు. వారి ఆహారంగా చిటికెడు చేపమేతను మాత్రం వేస్తుండాలి. పరీక్షా ద్రవాలతో మూడు రోజులకొకసారి కొలిచి పట్టికలో వ్రాసుకొంటే మొదట అమ్మోనియా పెరిగి తగ్గుట, పిదప నైట్రైటు పెరిగి తగ్గుట, చివరకు నైట్రేటు కనిపించుట స్పష్టంగా గోచరిస్తుంది. మొదటి రెండూ సున్నకు వచ్చి నిలిచిన నాడే తొట్టి ప్రాణులకు సిద్ధమైనట్లు.

ఈలోగా గాజుపై గోధుమరంగు పొర, ఆ తరువాత పచ్చని నాచు కనిపించుట సహజం. దానిని చూచి నిరాశ చెంది మందులు పోయరాదు. కొన్ని నత్తలను తరువాత వదిలితే అవే తిని శుభ్రపరుస్తాయి.

వెలుతురు, ప్రవాహం, వేడి

ప్రవాళాలలోని శైవలాల కొరకు నీలికాంతి అధికంగా గల ఎల్.ఇ.డి. దీపాన్ని దినానికి ఎనిమిది నుండి పది గంటలు వెలిగించాలి. ప్రవాళం కదలలేదు కనుక నీరే దాని వద్దకు ఆహారాన్ని తెచ్చి మలినాన్ని తీసుకొనిపోవాలి. ఇందుకు గంటకు వెయ్యి లీటర్లకు పైగా త్రిప్పే పంపు ఈ తొట్టికి చాలును.

మన ప్రాంతంలో అన్నిటికంటె పెద్ద శత్రువు వేసవి. నీటి వేడి 25, 26 డిగ్రీల వద్ద నిలవాలి. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఉప్పునీటిలో అది అసలే తక్కువ. 25 డిగ్రీల వద్ద మంచినీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును నిలుపుకొంటే సముద్రజలం 7 మిల్లీగ్రాముల లోపే నిలుపుకొంటుంది. హైదరాబాదు, కర్నూలు వంటి పొడిగాలి ఊళ్లలో నీటిపై చిన్న ఫ్యాను త్రిప్పితే ఆవిరి వలన రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన కుండనీరు చల్లబడే సూత్రమే ఇది. విశాఖపట్టణం, మచిలీపట్టణం వంటి తేమగాలి ఊళ్లలో ఫ్యాను ప్రభావం స్వల్పం. అక్కడ చిల్లర్ గాని, ఎయిర్ కండిషనర్ గాని తప్పదు. చిల్లర్ ధర తొట్టి ధరను మించవచ్చునని ముందే తెలుసుకొని పనికి పూనుకోవాలి. కరెంటు పోయిన వేళకు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంటిలో సిద్ధంగా ఉండాలి.

ఏ ప్రాణులను తేవాలి? ఎక్కడి నుండి తేవాలి?

ఇచ్చట చట్టం, ధర్మం రెండూ ఒకే మాట చెబుతున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం భిత్తికలను నిర్మించే రాతి ప్రవాళాలన్నిటికీ, నల్ల ప్రవాళాలకు, సముద్రపు విసనకఱ్ఱలకు, సముద్రపు గుఱ్ఱాలకు పులికి, ఏనుగుకు ఇచ్చిన రక్షణనే ఇచ్చినది. మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవుల నుండి వాటిని తీసినవారికి, అమ్మినవారికి మూడు నుండి ఏడు సంవత్సరాల కారాగార శిక్ష పడవచ్చు. ప్రవాళపు రాయి కూడ ఈ కోవలోనిదే. కావున తొట్టిలో మనిషి చేసిన రంధ్రాల రాళ్లనే వాడాలి. బాక్టీరియాకు గూడు కావాలి గాని, ఆ గూడు సముద్రం నుండే రావలసిన పనిలేదు. 2022లో సవరించిన చట్టం అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని సజీవ ప్రాణులను ఉంచుకొనువారు వాటిని నమోదు చేయించుకోవాలని కూడ నిర్దేశిస్తున్నది.

ప్రారంభకునికి రాతి ప్రవాళాల అవసరమూ లేదు. పుట్టగొడుగు ప్రవాళాలు, జొయాంథిడ్లు అనబడే మెత్తని జాతులు రాతి గూడు కట్టనివి, మితమైన వెలుతురుతో తృప్తిపడేవి. వాటిని కూడ వేరొక తొట్టిలో కొమ్మ నాటినట్లు విడదీసి పెంచినవై ఉంటేనే, రశీదుతో, అమ్మినవారిని మూలం అడిగి తీసుకోవాలి. జొయాంథిడ్లలో కొన్నిటి దేహంలో పాలిటాక్సిన్ అను ఘోరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయరాదు. అవి అంటుకొన్న రాళ్లను వేడినీటిలో మరిగించుట మరింత ప్రమాదం.

చేపలలో క్లౌన్ చేపల జంట ఒకటి ఈ తొట్టికి చాలును. తమిళనాడులోని మండపం మున్నగు చోట్ల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని కృత్రిమంగా పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించినది. పొదుగుశాలలో పుట్టిన చేపను కొంటే సముద్రం నుండి ఒక చేప తగ్గదు. ఆ చేపకు తొట్టి జీవితమూ కొత్త కాదు. ఈ జాతిలో ప్రతి చేపా మొదట మగదిగా ఎదిగి, గుంపులో పెద్దది ఆడదిగా మారుట ఒక వింత. 2003లో వచ్చిన యానిమేషన్ చిత్రంలో క్లౌన్ చేపతో కనిపించిన నీలి చేపను చూచి పిల్లలు ముచ్చటపడతారు. అది 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఇంత చిన్న తొట్టిలో దానిని ఉంచుట చెరసాలలో ఉంచుటయే.

నిత్యకృత్యం

తొట్టి నిలిచిన పిదప పని కొద్దిదే, కాని తప్పనిది. ప్రతిదినం వేడిమిని చూడాలి. ఆవిరైనంత మంచినీటిని, ఉప్పునీటిని కాదు, గుర్తు పెట్టిన మట్టానికి పోయాలి. చేపలు రెండు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయాలి. వారానికొకసారి 8 లీటర్ల పాతనీటిని తీసి, 300 గ్రాముల మిశ్రమంతో ముందురోజే కలిపి ఉంచిన కొత్తనీటిని పోయాలి. మెత్తని జాతులకు కావలసిన కాల్షియం మున్నగునవి ఈ కొత్తనీటితోనే సమకూరుతాయి. ఒక ప్రాణిని తెచ్చిన తరువాత రెండు మూడు వారాలు గడువనిదే మరొకదానిని తేరాదు. బాక్టీరియా సంఖ్య కొత్త భారానికి తగినట్లు పెరుగుటకు ఆ వ్యవధి కావాలి.

సెలవులకు ఊరు వెళ్లినప్పుడు చూచుకొనే మనిషి లేనివారు, నెలల తరబడి ఓర్పు వహింపలేనివారు ఈ పనికి పూనుకొనకపోవుటయే మేలు. దానిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సిగ్గుపడవలసినది ప్రాణులను తెచ్చి చంపి, మరల తెచ్చుటకే.

ఒక డిగ్రీ విలువ

ఇంత శ్రమకు ఫలమేమి? అలంకారం ఒక్కటే అయితే ఈ వ్యాసం వ్రాయనక్కరలేదు. వేసవిలో ఉండవలసిన గరిష్ఠ వేడిమి కంటె ఒక్క డిగ్రీ అధికంగా కొన్ని వారాలు నిలిస్తే ప్రవాళం తన కణాలలోని శైవలాలను వెలివేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గకపోతే ఆకలితో మరణిస్తుంది. 1998లో లక్షద్వీపాల ప్రవాళాలు ఈ విధంగానే విస్తారంగా నశించాయి. ప్రపంచవ్యాప్తమైన అట్టి తెల్లబాటు నాలుగవసారి సంభవిస్తున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పత్రికలో ఒక్క డిగ్రీ అని చదివినప్పుడు మనకు ఏమీ తోచదు. తన తొట్టి ఉష్ణమాపకాన్ని ప్రతి ఉదయం చూచే విద్యార్థికి ఆ ఒక్క డిగ్రీ ఎంతటిదో తెలుస్తుంది.

కళాశాల యాజమాన్య సంఘం వారికి ఒక మనవి. జంతుశాస్త్ర విభాగంలో ఇట్టి తొట్టి ఒకటి నెలకొల్పి, లవణీయత, వేడిమి, నైట్రేటు కొలతలను విద్యార్థులే వంతుల వారీగా పట్టికలో వ్రాసే ఏర్పాటు చేస్తే రసాయన, జీవ, భౌతిక శాస్త్రాలు మూడూ ఒకే చోట కంటికి కట్టినట్లు బోధపడతాయి. సెలవు దినాలలో బాధ్యత ఎవరిదో నిర్ణయించిన పిదపనే దానిని ప్రారంభించవలసినదని కూడ మనవి. ఏలయన ఆ తొట్టిలోని నీరు ఆదివారం అని ఆవిరి కాక మానదు.